సగం అప్పుకే కొట్టించుకున్న చప్పట్లు

సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. మైకు కొంచెం కిందికి దించండి, పొద్దున్న నాలుగింటి నించి గ్రైండర్ దగ్గరే ఉన్నాను, గొంతు పెద్దగా రాదు. ఇదే చోట మూడేళ్ల కిందట నేనొక సాక్ష్యం చెప్పాను, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజు జిలేబీలు కూడా పంచాను. ఆ సాక్ష్యం తొందరపడి చెప్పింది. దాన్ని సరిచేద్దామనే వచ్చాను.

నా కష్టాలు మీకు తెలియనివి కావు. మా అమ్మాయి రూతు వాళ్ల నాన్న టెంపో కొంటానంటే, గమ్హరియాలో ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసే నాకు జీతం చీటీ ఉంది కదా అని ఫైనాన్స్ అప్పు నా పేరు మీద రాయించాడు, నేనూ వంచిన తల ఎత్తకుండా సంతకం పెట్టేశాను, రెండేళ్లు తిరిగేసరికి మమ్మల్ని వదిలేసి పోయాడు, ఆయనా లేడు, టెంపో లేదు! కోర్టులో విడాకులు వచ్చిన రోజున హమ్మయ్య, పీడ వదిలింది అనుకున్నాను. పెళ్లి తెగితే అప్పు కూడా తెగిపోతుందని నా తెలివి. ఏడు నెలలు ఒక్క కిస్తీ కట్టలేదు. రికవరీ వాళ్లు క్యాంటీన్ గేటు దగ్గరికొచ్చి అందరి ముందూ పేరు పెట్టి పిలిస్తే, చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఏడ్చాను.

ఆఖరికి వాళ్లే సగం కట్టెయ్, మిగతాది వదిలేస్తాం అన్నారు. మా అమ్మ పెట్టిన కమ్మలు అమ్మి కట్టేశాను. దేవుడు నా అప్పు సగం కొట్టేశాడని ఇక్కడ నిలబడి చెప్పాను, మీరంతా హల్లెలూయా అన్నారు, పైకప్పు లేచిపోయేలా చప్పట్లు కొట్టారు.

ఏడాదికి రూతుకి నర్సింగ్ సీటొచ్చింది. చదువు లోను కోసం ఇద్దరం బ్యాంకుకి వెళ్తే అక్కడి ఆఫీసరమ్మ కంప్యూటర్ మా వైపు తిప్పింది. తప్పిన కిస్తీలన్నీ అందులో ఉన్నాయి. పైగా అప్పు తీరిందని లేదు, సెటిల్మెంట్ అని ఉంది, అంటే సగం ఎగ్గొట్టిన మనిషని లెక్కట, లోను ఇచ్చే ముందు బ్యాంకులు చూసే నా స్కోరు పాతాళంలో ఉందట. మిగతా సగం కూడా కట్టి, తీరిందని రాయించుకుని రండి అంది. బయట ఆటో స్టాండులో రూతు, ఇక్కడే పెరిగిన పిల్ల కదా, హిందీలో నన్ను ఒకే మాట అడిగింది. "మమ్మీ, ఫిర్ చర్చ్ మే తాలీ కిస్ బాత్ కీ బజీ థీ?" మరి చర్చిలో చప్పట్లు దేనికి కొట్టారమ్మా అని.

ఆ వారమంతా దేవుడి మీద అలిగాను, అబద్ధమెందుకు. "ఏటి ప్రభువా, సగం పనే చేత్తావా నువ్వు? నా పిల్ల ముందు నన్నెందుకు అబద్ధాలకోరుని చేసినావు?" అని అడిగాను. ఏ దర్శనమూ రాలేదు. పిండి రుబ్బుతూ రుబ్బుతూ ఉంటే ఒకటి మాత్రం తట్టింది, అప్పు కొట్టేశాడని చెప్పింది నేను, ఆయన కాదు. అప్పుడు ప్రార్థన మార్చుకున్నాను. "తండ్రీ, తగ్గించమని ఇంక అడగను. నెల తప్పకుండా కట్టే ఓపిక మాత్రం ఇయ్యి."

ఎవరూ అడగని బాకీ కట్టడానికి వెళ్తే ఫైనాన్స్ ఆఫీసు గుమస్తా పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. రూతు సీటు వదులుకుని భాలుబాసాలో మందుల షాపులో పనికి కుదిరింది. నేను క్యాంటీన్ పని మానకుండా, తెల్లారకముందే ఇడ్లీ పిండి రుబ్బి అగ్రికో కాలనీ క్వార్టర్లకి పిండి డబ్బాలు మోశాను, పద్దెనిమిది నెలలు! డెంగ్యూతో మంచాన పడ్డ నెలలో మన సంఘం అక్కలే రుబ్బి ఇంటింటికీ చేర్చారు, ఆ కిస్తీ కూడా తప్పలేదు. దేవునికే మహిమ!

అప్పు పూర్తిగా తీరిందని కాగితం ఇచ్చారు, కంప్యూటర్లో సెటిల్మెంట్ అన్న మాట మారడానికి ఇంకో రెండు నెలలు చెప్పులరిగేలా తిరిగాను. తప్పిన కిస్తీలు ఇంకొన్నేళ్లు అందులో కనబడతాయట. కనబడనీ, నేను తప్పింది నిజమే కదా. స్కోరు మెల్లగా ఎక్కింది, ఈ ఏడు రూతు మళ్లీ నర్సింగ్ సీటు తెచ్చుకుంది, మొన్న మంగళవారం దాని చదువు లోను మంజూరైంది.

చాలా అలిసిపోయాను సహోదరులారా. నడుము పోయింది. అయినా చెబుతున్నా, మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి అప్పు కాగితం ఉంటే పరుపు కింద దాచకండి, ముందు దేవుని ఎదుట పరిచి తర్వాత నా దగ్గరికి తీసుకురండి, అదెలా చదవాలో ఇప్పుడు నాకు తెలుసు. ఆయన్ని నమ్మండి. ఆయన తొందరపడడు, మనమే పడతాం.

ఈసారి జిలేబీలు తేలేదు. చప్పట్లు కూడా అప్పుడే కొట్టకండి. ఆ రోజు నన్నడిగిన పిల్ల అదిగో, మూడో వరసలో కూర్చుంది. అది కొడితే, అప్పుడు కొట్టండి.