దసరా ముందటి లిస్టు

నవ్య ముచ్చట చెప్పాలంటే నా కోపం ముచ్చట గూడ చెప్పాలె. నేను సావిత్రమ్మను, నాగర్‌కర్నూల్‌ల ఒక చిన్న ప్రైవేటు దవాఖానల నర్సును. నవ్యేమో బొంబాయి కూలికి పొయ్యే ఆశీర్వాదం బిడ్డ. బస్టాండు కాడ ఇంటర్నెట్ షాపుల పనిచేసుకుంట, 2008ల మా దవాఖానకు ఒక పేజీ తయారు చేసిచ్చింది. రక్తం గ్రూపు కొడితే చాలు, ఇచ్చేటోళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు వస్తయి. ఎవరన్న ఊరు దాటి పోతే నవ్య ఆ పేరు తీసేస్తది.

ఆ పేర్లున్న మెషిన్ హైదరాబాద్‌ల ఉంటది. దాని పేరు చెప్పి "ఇది యాడుంది?" అని మా కంప్యూటర్ ముందుగాల అడ్రసులు చెప్పే ఇంకో మెషిన్‌ను అడగాలె. అది పలకకుంటే అంతే, తెర మీద చక్రం తిరుగుడే తిరుగుడు. వానకాలంల ఒకపారి అర్ధగంట తిరిగింది. పిల్లను బాగ తిట్టిన. తెల్లారే మార్చింది. "ఇప్పుడు రెండే సెకండ్లు చూస్తదక్కా. పలకకుంటే దాచిపెట్టుకున్న లిస్టు చూపిస్తది" అన్నది. శాన మంచిగ చేసినవే అని మెచ్చుకున్న.

దీపావళి దాటినంక ఒక పొద్దున ఉప్పునుంతల నుంచి ఈరమ్మను జీపుల తెచ్చిండ్రు. కాన్పయింది, బిడ్డ మంచిగుంది, తల్లికే నెత్తురు ఆగుతలేదు. ఓ నెగటివ్. "గంటల రక్తం దొరకాలె" అన్నది డాక్టరమ్మ. కొట్టిన. టక్కున మూడు పేర్లొచ్చినయి. హమ్మయ్య అనుకున్న.

మొదటాయన జయపాల్. ఫోన్ కొడితే భార్య ఎత్తింది. "ఆయన యాడున్నడమ్మా! గుంపుమేస్త్రి ఎంబడి బొంబాయి కూలికి పోయి పదిదినాలాయె." రెండో ఆయన పూణెల ఉన్నడట. ఈరమ్మ తల్లి జోగులమ్మ నా చెయ్యి పట్టుకొని "బతుకుతదా అమ్మా?" అని అడుగుతనే ఉంది. మూడో పేరు చూసిన. ఆశీర్వాదం. నవ్య నాయిన! ఆయన బొంబాయి పోయి ఇరవై దినాలని నాకే తెల్సు. అంటే లిస్టే పాతది.

ఫోన్ చేస్తే నవ్య ఉరికొచ్చింది. తెర చూసి తెల్లబోయింది.

"అడ్రసు దొరకలే అక్కా. ఇది దసరా ముందటి లిస్టు."

"గా మాట నీ పేజీ నాకెందుకు చెప్పలే? తెల్వదంటే నేను వేరే తోవ చూస్కుందు గదా!" అందరి ముందట అరిచిన. గంటల సగం అయిపోయింది మరి.

నవ్య నోటుబుక్కుల రాసిపెట్టుకున్న హైదరాబాద్ మెషిన్ అడ్రసు అంకెలు కొట్టింది. అడ్రసులు చెప్పే మెషిన్‌ను అడిగే పని లేకుంట కొత్త లిస్టు తెరుచుకుంది. అండ్ల యేసయ్య, మార్కెట్ యార్డుల హమాలి. పావుగంటల వచ్చిండు. ఈరమ్మ బతికింది. నేను గోడకు ఒరిగి ఏడ్చిన, సిగ్గేమి లేదు.

నవ్య వరండాల కూసొని ఉంది. "మా నాయిన ఊర్ల లేడని నాకు తెల్వదా అక్కా? లిస్టు పాతదైతే పాతదని చూపియ్యమని ఆ పేజీకి చెప్పుడే మర్సిన" అన్నది. ఆమెను ఇంకేమంటం?

ఉగాది ముందర అడ్రసులు చెప్పే మెషిన్ మళ్ళ పలకలే, మళ్ళ రక్తం కావల్సొచ్చింది. గ్రూపు కొట్టిన. ఈపారి పేర్ల మీద ఎర్రక్షరాలు: "అడ్రసు దొరకలే. ఇది పదకొండు దినాల కింది లిస్టు. మనుషులు ఊర్ల ఉండకపోవచ్చు. నాకు ఫోన్ చెయ్యి అక్కా." కింద ఆమె నంబరు.

చేసిన. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఏ గ్రూపు అక్కా?"