అంకుల్‌ని జీతం అడగడం

సిడ్నీలోని హారిస్ పార్క్‌లో రైలెక్కితే పక్క సీట్లో ఇల్జె అనే లాత్వియా అమ్మాయి ఉంది. పనికోసం సిడ్నీ రాబోతున్న చెల్లెలికి జీతం, బకాయి లాంటి వాటి ఇంగ్లిష్ మాటలను తమ భాషలోకి మార్చి ఫోన్‌లో రాస్తోంది.

"జీతాన్ని మేం అల్గా అంటాం. మీ ఓనర్‌ని నువ్వెలా అడుగుతావు?" అంది.

నేను పనిచేసే స్వీట్ షాపులో నెల జీతం ఆగిందని, అద్దె కట్టలేకపోతున్నానని చెప్పాను. "అడిగితే అంకుల్, 'నువ్వు మన పిల్లవి, మన మధ్య లెక్కలేంటమ్మా?' అని మైసూర్‌పాక్ పొట్లం చేతిలో పెడతారు."

"సొంత బంధువా?"

"కాదు. పెద్దవాళ్లని మేం పేరు పెట్టి పిలవం."

ఆమె చెల్లెలి కోసం చివర ఒక వాక్యం చేర్చి, నాకు ఇంగ్లిష్‌లో అర్థం చెప్పింది: "ఓనర్‌ని పేరు పెట్టి పిలువు."

మర్నాడు ఆయన పేరు నా గొంతుదాకా వచ్చింది. చివరికి "అంకుల్, జీతం..." అన్నాను. ఆయన నవ్వుతూ పొట్లం కట్టడం మొదలుపెట్టారు.