పింజ చూసే చెయ్యి

ఆదోని యార్డులో పత్తి కుప్పలోకి చెయ్యి దూర్చి, పింజ లాగి, దాని పొడవు చూసి నాణ్యం తేల్చే హబీబ్ సాబు కుర్చీని కూడా అదే శాస్త్రంతో కొనదలిచాడు. భార్య ఫిర్దోస్ మోకాళ్లు అరిగి నేల మీద కూర్చోలేకపోతోంది. అందుకని ఆమెను వెంటబెట్టుకుని దుకాణం దుకాణం తిరిగాడు. తాతల కాలం టేకు కుర్చీని తట్టి, పురుగుందేమో అన్నాడు. నాన్నల కాలం పేము కుర్చీని ఊపి, వదులన్నాడు. కొత్తదాన్ని చూసి, నిన్న పుట్టినదాన్ని ఎట్ల నమ్మేదన్నాడు. ఒక్కదాంట్లోనూ తను కూర్చోలేదు, ఆమెను కూర్చోనివ్వలేదు.

ఎమ్మిగనూరు దుకాణంలో ఒక కుర్చీ మెత్త కుట్టు సందులో వేలు పెట్టి, దూది లాగి, బొటనవేళ్ల మధ్య సాగదీసి, తీర్పు చదువుతున్నంత గంభీరంగా “పొట్టి పింజ” అన్నాడు.

“సాబూ, కుర్చీ కొనేకి వచ్చినావా, పత్తి కొనేకి వచ్చినావా?” అని దుకాణదారు నిలబడే అడిగాడు. గల్లాపెట్టె దగ్గరి అతని కుర్చీలో అప్పటికే ఫిర్దోస్ కూర్చుని ఉంది.

“అన్నా, నాకు ఇదే ఇయ్యి” అందామె.

“అది అమ్మేది కాదమ్మా, నేను కూసునేది.”

“అందుకే అడుగుతాండా.”

హబీబ్ చెయ్యి చాచుతూ వచ్చాడు. “ఒక్కసారి లెయ్యి, కింద చూస్తా.”

“లెయ్యను” అంది ఫిర్దోస్. “లేస్తే మళ్లా కూసోనియ్యవు.”