బెల్లం వేసి ఉడికించిన కెఫిర్

సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న రోజులవి. వనపర్తిలో మా పక్కింటి ఆపా (ఉర్దూలో అక్కను అలా పిలుస్తారు) నాకు కెఫిర్ గింజలిచ్చింది. చూడ్డానికి గోబీపువ్వు తునకల్లా ఉంటాయి. కాచి చల్లార్చిన పాలలో వేస్తే మర్నాటికి పాలు పులిసి, తాగడానికి బాగుంటాయి. గింజలను వడకట్టి మళ్లీ కొత్త పాలలో వేయాలి. వాటిని పెంచడంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. తెలకపల్లిలో ఉన్న మా అక్కకు కూడా కొన్ని ఇచ్చాను.

ఇటిక్యాల నుంచి మా అత్తమ్మ వచ్చిన రోజే ఆపా కూడా వచ్చి కూర్చుంది. "నా గింజలు ఖరాబైనయ్, నీవి జర ఇయ్యి" అంది.

"మస్తుగున్నయ్ ఆపా!" అంటూ గొప్పగా వంటింట్లోకి వెళ్లాను. గిన్నె తోమి బోర్లించి ఉంది. గింజల జాడే లేదు.

బయటికి వచ్చేసరికి అత్తమ్మ ఆపా చేతిలో పళ్లెం పెడుతోంది. "పాలు ఇరిగి గడ్డలు కట్టినయ్. పారబోయనీకె మనసొప్పలే. బెల్లమేసి ఉడకబెట్టిన, తిను బిడ్డా."

ఆపా ఓ ముక్క నోట్లో వేసుకుని నములుతూనే ఉంది. రబ్బరులా సాగుతున్న ఆ ముక్క ఏమిటో నా మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. సిగ్గుతో పళ్లెం లాక్కోబోయాను. ఆపా మాత్రం గుటుక్కున మింగి, "గింజలడిగితే మిఠాయి వెట్టిండ్రు పెద్దమ్మా!" అని పడీపడీ నవ్వింది.

నేను దాచుకున్నవి పోయాయి గానీ, అక్కకు ఇచ్చినవి ఆదుకున్నాయి. మర్నాడే తెలకపల్లి వెళ్లి తెచ్చి ఆపాకు ఇచ్చాను. కొన్ని అత్తమ్మ కూడా పట్టుబట్టి తీసుకెళ్లింది.

తర్వాత ఇటిక్యాల వెళ్లినప్పుడు ఆవిడ కెఫిర్ గిన్నె మూత తీయబోయాను.

"పైలం బిడ్డా! ఇరిగిన పాలనుకొని పొయ్యి మీద పెట్టేవు" అంది అత్తమ్మ.