ఎవరూ ఆగని గోడ

పాత బంగళా మ్యూజియంలో గోడబొమ్మలు బాగుచేసే ఆయన్ని అందరూ రంగుల బాబాయ్ అంటారు. కుంచె కొసను పెదవుల మధ్య తడిపి, ఒక కన్ను మూసి, పెచ్చులూడిన చోట తీగకు ఆకులు దిద్దుతారు. మెడలో భూతద్దం, మోకాళ్ల మీద ముప్పై ఏళ్ల సున్నం. ఆ వృత్తిలో పనితనం కనబడిందంటే పని చెడినట్టే. చూడవచ్చినవాళ్లు ఆయన గోడ దగ్గర మాత్రం తప్పకుండా ఆగి, "ఎంత చక్కగా బాగుచేశారండీ!" అంటారు. ఎదురుగోడ బాగుచేసే కొత్తమ్మాయి దగ్గర ఆగనే ఆగరు. "దీనికేం కాలేదు, నయం," అనుకుంటూ వెళ్లిపోతారు. ఆ మాట విన్నప్పుడల్లా బాబాయ్ కుంచె ఆపి ఆ గోడకేసి గుర్రుగా చూస్తారు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి భోజనానికి వెళ్లగానే, అతుకెక్కడుందో పట్టేద్దామని భూతద్దంతో ఆ గోడంతా గాలించారు. దొరకలేదు. వంగి వంగి నడుం పట్టేసి, పాత రంగే కదా అని ఓ పువ్వు మీద చెయ్యి ఆనించారు. అరచెయ్యంతా ఎర్రబడింది.

"పొద్దున్న వేసింది అదే బాబాయ్," అంది అమ్మాయి గుమ్మంలోంచి. "వెతుకుతున్నారా?"

"ఈగ వాలితే తోలానమ్మా," అన్నారాయన, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.

"బాగానే తోలారు! ఇక మీరే దిద్దండి."

సాయంత్రం దాకా ఊపిరి బిగబట్టి దిద్దారు. మర్నాడు వచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ పువ్వు వైపు చూడలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి గెలిచారు, అదీ ఆమె గోడ మీద. ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియక బాబాయ్ రోజంతా ఆ గదిలోనే పచార్లు చేశారు.