కనిపించని డిస్కు, మునిరత్నం బార్డర్లు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, చిత్తూరు ఆఫీసు నుంచి నన్ను నగరిలోని ఒక నేత సహకార సంఘానికి డెప్యుటేషన్ మీద వేశారు. హోదా సిస్టమ్స్ సూపర్‌వైజరు. సూపర్‌వైజ్ చేయడానికి నేను తప్ప అక్కడ ఎవరూ లేరు.

సంఘంలో డిజైన్లకని ఒక కంప్యూటరు ఉండేది. మునిరత్నం అనే పెద్ద నేతగాడు ముప్పై ఏళ్లుగా గీసిన చీర బార్డర్లన్నీ స్కాన్ చేయించి అందులో పెట్టించింది నేనే. ఇక కాగితాలెందుకని అన్నదీ నేనే. ఆయన నా మాట నమ్మి గ్రాఫు కాగితాలన్నీ నీళ్ల పొయ్యిలో వేసేశాడు. బయట ఇంకో కాపీ పెట్టే పనిని మాత్రం నేను రేపు, రేపంటూ తోసేశాను.

ఒకరోజు కరెంటు పోయి వచ్చాక విండోస్ లేవలేదు. సంఘం వాళ్లు పిలిపించిన మెకానిక్ దాన్ని పెన్‌డ్రైవ్‌తో మళ్లీ ఎక్కించబోతే, డిస్కుల జాబితా ఖాళీగా వచ్చింది. డిస్కులు పోయాయని తేల్చేశాడు. నేను వెళ్లేసరికి కొత్తవి బిగించడానికి స్క్రూలు విప్పుతున్నాడు.

“మీరు చెప్తేనే కదా సార్ కాగితాలు పొయ్యిలో ఏసినాను! నా బార్డర్లు యాడికి పోయినాయి?” అన్నాడు మునిరత్నం. తప్పు నాదే.

ముందు మెకానిక్‌ను ఆపాను. ఆ యంత్రంలో రెండు డిస్కులు జతగా, ఒకటే డిస్కులా పనిచేస్తాయి. ఆ జతను చదవడం విండోస్ ఎక్కించే ఇన్‌స్టాలరుకు రాదు. దానికి చదవడం నేర్పే చిన్న ప్రోగ్రామును, అంటే తయారీదారు ఇచ్చే స్టోరేజ్ డ్రైవరును, మనమే అందించాలి. సెట్టింగు మార్చి జత విడదీస్తే డిస్కులు కనిపిస్తాయి గానీ, ఒక్కో బార్డరు సగం ఇటు, సగం అటు ముక్కలవుతుంది. పక్క కంప్యూటర్లో ఆ మోడలు డ్రైవరును ఇంటర్నెట్ నుంచి దించి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కాను. ఏమీ దొరకలేదంది. అంత సర్వీసున్నా నా పప్పులు ఉడకలేదు. మెకానిక్ నవ్వు దాచుకోలేకపోయాడు.

అప్పుడు వెలిగింది. నేనిచ్చింది దించిన జిప్ ఫైలును, మూట విప్పకుండా, దించినట్టే. దాన్ని విప్పి, లోపల డ్రైవరు వివరాలుండే ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డరు చూపించాలి. చూపించాను. జాబితాలో డిస్కు వచ్చింది.

అయినా, నొక్కితే డిజైన్లు చెరిగిపోవచ్చని ఇన్‌స్టాల్ నొక్కలేదు. కమాండ్ విండో తెరిచి, డిజైన్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, పక్క కంప్యూటర్లో తెరిచాను.

“ఉండాయి సార్, అన్నీ ఉండాయి! ఇదో, మా నాయన నేర్పిన మామిడిపిందెల బార్డరు!” అన్నాడు మునిరత్నం. మెకానిక్ తన పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చి, “ఆ ఫోల్డరు నాకూ ఏసియ్యండి సార్” అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

ఇన్‌స్టాలరు డిస్కు లేదన్నంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. డ్రైవరు ఇచ్చి చూశాకే ఆ మాట అనాలి. ఇక రెండో పాఠం నాకు మునిరత్నమే చెప్పాడు. మరుసటి వారం బార్డర్లన్నీ గ్రాఫు కాగితాల మీద ప్రింటు తీయించుకుని బీరువాలో పెట్టుకున్నాడు. ఈసారి నేను వద్దనలేదు.