రక్తం కోసం పంపిన మెసేజ్

సూళ్లూరుపేటలో మా చర్చి యువకులు రక్తదాతల కోసం ఒక యాప్ కావాలన్నప్పుడు ఆ పని నా నెత్తిన పడింది. రోజూ రైలెక్కి చెన్నైకి పోయి, అక్కడొక కంపెనీలో యాప్‌లు రాసే ఉద్యోగం నాది. సొంత సర్వర్లు పెట్టే స్తోమత మాకెక్కడిది? మెసేజ్‌లు చేరవేసే పనిని ఒక క్లౌడ్ సర్వీసుకు అప్పజెప్పాను.

అప్పుడు అక్క నిండు కడుపుతో మా ఇంట్లోనే ఉంది. అదెలా పనిచేస్తుందో చెప్పమని నన్ను కూర్చోబెట్టుకుంది. యాప్ పెట్టుకున్న ప్రతి ఫోన్‌కూ సర్వీసు ఒక టోకెన్ ఇస్తుంది, అదే ఆ ఫోన్ చిరునామా. ఒక్కొక్కరికీ విడివిడిగా పంపే బాధ లేకుండా, ఒకే విషయం కావలసినవాళ్లందరినీ ఒక టాపిక్ కింద చేర్చవచ్చు. నేను ఒక్కో బ్లడ్ గ్రూపుకు ఒక్కో టాపిక్ పెట్టాను.

"అంటే నువ్వొక్క కేకేస్తే అందరికీ వినబడతాదన్నమాట. ఇంట్లో కూడా నువ్వు చేసేది అదే కదే!" అని అక్క పకపకా నవ్వింది.

అక్కది ఓ నెగెటివ్. దొరకడం కష్టం. కానీ ఆ టాపిక్‌లో పులికాట్ సరస్సు ఒడ్డునున్న ఒక జాలర్ల పల్లె నుంచి చాలామందే చేరారు. అది చూసి నా ప్రాణం కుదుటపడింది.

ఒక ఉదయం నాయుడుపేట ఆస్పత్రి నుంచి బావ ఫోన్ చేశాడు. ఆడపిల్ల పుట్టింది, అక్కకు మాత్రం రక్తస్రావం ఆగడం లేదు. దొరికిన రక్తమంతా ఎక్కించారు, నెల్లూరు నుంచి ఇంకా రావాలి. వెంటనే టాపిక్‌కు మెసేజ్ పంపాను. హై ప్రయారిటీ పెట్టాను. పక్కన పడేసిన ఫోన్‌నైనా మోగించే రకం అది. పంపీ పంపగానే సర్వీసు నుంచి జవాబొచ్చింది, సక్సెస్ అని.

"అందిందా?" అన్నాడు బావ.

"సర్వీసు తీసుకుంది బావా."

"సర్వీసు సంగతి ఎవుడిక్కావాల! మనుషులకి అందిందా లేదా, అది చెప్పు."

నాకు ఒళ్లు మండింది కానీ ఆయన అడిగింది న్యాయమే. మెసేజ్ సర్వీసు దాకా చేరిందనే ఆ జవాబుకు అర్థం. ఫోన్ ఆఫ్‌లో ఉంటే మెసేజ్ సర్వీసు దగ్గరే కాచుకుని ఉంటుంది. ఎంతకాలం ఉండాలో మనమే చెప్పవచ్చు. సరస్సు మీదికి పోయేవాళ్లకు ఆలస్యంగానైనా అందనీ అని ఆ గడువు రోజుల తరబడి ఉండేలా పెట్టాను.

ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఇక లాభం లేదని స్కూటీ తీసి ఆ పల్లెకు పోయాను. గడప ముందు చేపలు కోస్తున్న ఒక పెద్దావిడ నా మాట విని కత్తి పక్కన పెట్టింది.

"ఆ రగతం ఈడ మా ఇంటోళ్లకే ఉండాదమ్మా. అన్నదమ్ములూ, చిన్నాయన కొడుకులూ అందరూ ఒక్క పడవలో పోయినారు. ఉప్పునీళ్లు తగుల్తాయని ఫోన్లన్నీ ఆపేసి ఒకే డబ్బాలో పెట్టుకుంటారు. రేపు గానీ రారు తల్లీ."

నేను చూసి ధైర్యం తెచ్చుకున్న టోకెన్లన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి! బ్లడ్ గ్రూపు కుటుంబంలో వారసత్వంగా వస్తుంది, ఇక్కడ పడవ కూడా కుటుంబానిదే. అది నాకెవరు చెబుతారు? సరస్సు మీద, సర్వీసు మీద, దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

నెల్లూరు నుంచి రక్తం చేరేలోపే అక్క చనిపోయింది.

మర్నాడు భూస్థాపనకు పెట్టె ఎత్తబోతుండగా వీధిలో మోటార్ సైకిళ్లు ఆగాయి. తడి లుంగీలతోనే దిగారు వాళ్లు. ఒడ్డుకు రాగానే ఫోన్లు ఆన్ చేస్తే అన్నీ ఒక్కసారే మోగాయట. నేను ఫోన్ ఎత్తకపోయేసరికి ఇల్లు కనుక్కుని వచ్చారు. అందరిలోకీ పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, "యాడికి పోవాలమ్మా?" అంటూ లోపలికి వచ్చాడు. అప్పుడు పెట్టె కనిపించింది. తలగుడ్డ తీసేసి నిలబడిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి ఆ పెద్దాయన, బావ చేతుల్లోని బిడ్డను చూసి, "ఈ బిడ్డదీ మా రగతమేనా?" అని అడిగాడు. అవునన్నాను.

"అయితే ఇంక మేమందరం ఒక్కసారే పోములేమ్మా" అన్నాడు.

ఓదార్చడానికి అన్నాడనుకున్నాను. కాదు. అప్పటి నుంచి ఆ ఇంటి మగవాళ్లలో ఒకరు, వంతుల వారీగా, ఫోన్ ఆన్ చేసుకుని ఒడ్డునే ఉంటున్నారు. ఆ పడవ ఇప్పటికీ ఒక మనిషి తక్కువతోనే వేటకు పోతోంది.